తగరం గనుల ఊళ్ళో సద్దిమూట

కర్జికాయ అంచు మడవడం చేతనైన మనిషికి ఏ దేశం పోయినా అన్నానికి కరువుండదని మా అవ్వ అంటుండేది. ఆ మాట ఆమె ఊరికే అనలేదని తెలుసుకోవడానికి నాకు అరవై నాలుగేళ్ళు పట్టింది. అందుకోసం ఇంగ్లండు దేశపు పడమటి కొసదాకా ప్రయాణం కూడా చేయవలసి వచ్చింది.

మాది కుప్పం పక్కన పల్లె. మా వైపు జనం ఒకప్పుడు రైలెక్కి, బంగారుపేటలో బండి మారి, కోలారు బంగారు గనులకు పనికి పోయేవారు. మా తాత కూడా అట్లాగే పోయి, ఒక దొర బంగళాలో వంటవాడుగా చేరాడు. ఆ దొర లండను దొర కాదు, కార్న్‌వాల్ దొర. గనిలో అతన్ని కెప్టెన్ అనేవారు. సైన్యానికీ ఆ బిరుదుకూ ఏమీ సంబంధం లేదు. కార్న్‌వాల్ గనుల్లో కూలీల మీద అజమాయిషీ చేసేవాడికి పూర్వంనుంచీ అదే పేరు.

దొర గనిలోకి దిగే రోజుల్లో తాత చీకటితోనే లేచి పిండి పిసికి, లోపల కూర పెట్టి, కర్జికాయలాగా మడిచి, పొయ్యిలో కాల్చి, గుడ్డలో చుట్టి ఇచ్చేవాడట. దాని పేరు పాస్టీ. మా ఇంట్లో అది నలిగి నలిగి ‘పేస్తి’ అయింది. ఒక మూలన దొర పేరులోని మొదటి అక్షరం పిండితో చేసి అతికించాలి. గనిలో ఎవరి సద్ది ఎవరిదో తెలియడానికి అది గుర్తు. తాతకు చదువు రాదు. ఆయన నేర్చుకున్న మొదటి అక్షరం ఆ ఇంగ్లీషు అక్షరమే. పిండితో నేర్చుకున్నాడు.

1949లో మా నాన్నకు పద్దెనిమిదేళ్ళు. ఆ యేడు ఆయన గనిలో కూలీగా దిగాడు. మొదటి రోజున తాత ఇంట్లోనే, కుండలో ఇసుక పోసి, మూత మీద నిప్పులు పెట్టి, ఒక పేస్తి చేశాడు. దానికి ఒక కొసన ఉర్లగడ్డ కారం. రెండో కొసన బెల్లం, కొబ్బరి. నడుమ పిండి గోడ. పక్కింటి బడిపిల్లవాణ్ణి పిలిచి నేలమీద ‘ర’ అని రాయించుకుని, చూసి చూసి ఆ అక్షరాన్ని మూలన అతికించాడు. నాన్న పేరులో మొదటి అక్షరం అది. “ముందు కారం తిను. పని అయినాక తీపి తిను,” అని చెప్పి పంపాడట.

నాన్న కారపు కొస తిన్నాడు. తీపి కొస తినలేదు. అట్లాగే గుడ్డలో చుట్టి పైకి తెచ్చి అవ్వ చేతిలో పెట్టాడు. ఈ కథ చెప్పినప్పుడల్లా నేను, “దాని రుచి ఎట్లుండింది అవ్వా?” అని అడిగేదాన్ని. “గుడ్డ వాసన కొట్టింది పో!” అని నవ్వేది. అంతకుమించి చెప్పేది కాదు.

తాత పోయాడు, అవ్వ పోయింది, నాన్న కూడా పోయాడు. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతబడ్డాయి. ఆ పేస్తి ఎట్లా చేయాలో మా ఇంట్లో ఎవరికీ తెలియకుండా పోయింది. ఉద్యోగం విరమించుకున్నాక నేను మూడుసార్లు ప్రయత్నం చేశాను. మూడుసార్లూ బెల్లం కారి, పళ్ళెం మాడి, ఉర్లగడ్డ తియ్యనై, కొబ్బరి కారమై, ఇల్లంతా పొగ అయింది. మా వారు కిటికీలు తెరుస్తూ, “మీ తాత దొరను తరిమేయడానికి కనిపెట్టిన వంట కాదుగదా ఇది?” అన్నారు.

మా అమ్మాయి బ్రిస్టల్ నగరంలో ఉద్యోగం చేస్తున్నది. నేను అక్కడికి వెళ్ళినప్పుడు, “అమ్మా, లండను చూస్తావా, బకింగ్‌హామ్ ప్యాలెస్ చూస్తావా?” అని అడిగితే, “కార్న్‌వాల్ చూపించు,” అన్నాను.

నది దాటని దయ్యం

బ్రిస్టల్లో రైలెక్కితే ఎక్సెటర్ దాటినాక కొంతదూరం పట్టాలు సముద్రం ఒడ్డునే పోతాయి. అలలు పట్టాల పక్కనున్న గోడను కొడుతుంటాయి. ప్లిమత్ దాటగానే టామర్ నది. దానిమీద బ్రునెల్ అనే మహా ఇంజనీరు కట్టిన ఇనుప వంతెన ఉంది. 1859లో తెరిచారు. వంతెనకు ఇవతల డెవన్, అవతల కార్న్‌వాల్.

ఈ నదిని గురించి అక్కడివాళ్ళు ఒక కథ చెబుతారు. పూర్వం ఒక దయ్యం కార్న్‌వాల్‌లోకి వద్దామని ఒడ్డుదాకా వచ్చి, అవతల ఆడవాళ్ళు దొరికినదాన్నల్లా పిండిలో పెట్టి కాల్చేస్తారని విని, తననూ పాస్టీలో పెట్టేస్తారేమోనని భయపడి వెనక్కి పోయిందట. కథ సంగతి ఎట్లా ఉన్నా, ఆ దేశపు వంట స్వభావం అందులో ఉన్నది. పిండి మూతలో ఏదైనా పెట్టి కాల్చిన దాన్ని వాళ్ళు ‘పై’ అంటారు. మన భాషలో పై అంటే మీద అని అర్థం. వాళ్ళ పై చూస్తే మాత్రం లోపల ఏముందో అని అనుమానం. పాస్టీ కూడా ఆ కులానిదే. పళ్ళెం అక్కరలేదు, చేత్తో పట్టుకుని తినవచ్చు. అంతే తేడా.

సెయింట్ ఆస్టెల్ దగ్గర కిటికీలోనుంచి చూసి ఉలిక్కిపడ్డాను. దూరాన తెల్లని దిబ్బలు. పింగాణీ సామాను చేసే తెల్ల మట్టిని తవ్వి తీయగా మిగిలినదాన్ని అట్లా పోశారట. కోలారు గనుల పక్కన కూడా బంగారం తీసేసిన రాతిపిండి దిబ్బలు కొండల్లాగా ఉంటాయి. సైనైడు దిబ్బలంటారు. చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని వాటి పక్కన నడిచాను. ఏడు సముద్రాల అవతల, ఎన్నడూ చూడని ఊళ్ళో, మన ఇంటి పెరడు కనిపించినట్టయింది.

రెడ్రూత్ స్టేషనులో దిగాము. ఊరి చుట్టూ ఎక్కడ చూసినా రాతి గోపురాల్లాంటి కట్టడాలు. పక్కనే ఒక పొగగొట్టం. కప్పు ఉండదు, తలుపు ఉండదు. ఇవి గనుల్లోని నీళ్ళు తోడే ఆవిరి యంత్రాలుండిన ఇళ్ళు. ఈ ప్రాంతంలో వందల యేళ్ళు రాగి, తగరం తవ్వారు. యంత్రాలు పోయాయి, గోడలు నిలిచాయి. 2006లో యునెస్కో ఈ గనుల ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. మర్డాక్ అనే ఇంజనీరు 1792లో బొగ్గు గ్యాసుతో తన ఇంట దీపం వెలిగించింది ఈ ఊళ్ళోనే.

పక్క ఊరు కామ్‌బోర్న్. అక్కడ ట్రెవిథిక్ అనే మరో ఇంజనీరు విగ్రహం ఉన్నది. 1801లో, క్రిస్మస్ ముందురోజున, ఆయన తన ఆవిరిబండి మీద మనుషుల్ని ఎక్కించి కొండ ఎక్కించాడు. కొన్ని రోజులు పోయాక బండి దారిలో చెడింది. దాన్ని ఒక పాకలో పెట్టి, కింద మంట ఆర్పకుండానే అందరూ పూటకూళ్ళ ఇంట్లో వేపిన పెద్దబాతు మాంసానికి కూర్చున్నారు. నీళ్ళు ఇగిరిపోయి, ఇనుము ఎర్రబడి, బండీ పాకా కాలిపోయాయి. పొయ్యి మీద పెట్టి మరిచిపోవడం ఆడవాళ్ళకే చెల్లిందనే మగవాళ్ళు ఈ కథ గుర్తుపెట్టుకోవాలి.

“మై లవర్!”

మేము దిగిన ఇంటి యజమానురాలు డెబ్భై యేళ్ళ పెద్దావిడ. తలుపు తీసి, “రా, మై లవర్!” అన్నది. నా గుండె జారింది. మా అమ్మాయి నవ్వు ఆపుకుని, “అది ఇక్కడ మన ‘తల్లీ’, ‘నాయనా’ లాంటి పిలుపమ్మా,” అని చెప్పిందాకా నేను గడప దాటలేదు.

ఆవిడ భర్త సౌత్ క్రాఫ్టీ అనే తగరం గనిలో పని చేసేవాడు. కార్న్‌వాల్‌లో మిగిలిన చివరి తగరం గని అదే. 1998లో మూతబడింది. మళ్ళీ తెరవాలనే ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఆయన గని మూసిన కొన్నాళ్ళకు పోయాడట. మా నాన్న కథ చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. లేచి వెళ్ళి పిండి డబ్బా తెచ్చి బల్లమీద పెట్టింది.

అంతకుముందే బజారులో పాస్టీ కొని చూశాను. అసలు కార్నిష్ పాస్టీకి కట్టుదిట్టమైన నిబంధన ఉన్నది. 2011లో యూరోపియన్ యూనియన్ ఆ పేరుకు రక్షణ ఇచ్చింది. మన తిరుపతి లడ్డుకు, బందరు లడ్డుకు భౌగోళిక గుర్తింపు ఇచ్చినట్టే. దాని ప్రకారం పాస్టీ కార్న్‌వాల్‌లోనే తయారు కావాలి. అర్ధచంద్రాకారంలో ఉండాలి. మడత పక్కన ఉండాలి, నెత్తిమీద ఉండరాదు. లోపల గొడ్డుమాంసం, ఉర్లగడ్డ, ఉల్లిగడ్డ, స్వీడు అనే పసుపుపచ్చ గడ్డ, ఉప్పు, మిరియాలు. మాంసం నూటికి పన్నెండున్నర పాళ్ళకు తగ్గరాదు, కూరగాయలు పాతిక పాళ్ళకు తగ్గరాదు. అన్నీ పచ్చివే పెట్టి కాల్చాలి. నేను గొడ్డుమాంసం తినను కాబట్టి జున్నుగడ్డ, ఉల్లిగడ్డ పెట్టినది కొన్నాను. ఆ ఊళ్ళో అదీ దొరుకుతుంది, కాని ఆ రక్షిత నామం దానికి చెల్లదు.

“పచ్చి కూర ఎట్లా ఉడుకుతుంది?” అని ఆవిడను అడిగాను.

“పిండే కుండ, పిండే మూత,” అన్నది ఆవిడ. గడ్డలను ముక్కలుగా కోయరాదు. పెన్సిలు చెక్కినట్టు పలచగా చెక్కాలి. అప్పుడు వాటిలోని నీళ్ళే ఆవిరై, ఆ ఆవిరిలోనే అవి ఉడికి, రసం లోపలే నిలుస్తుంది. ముందే ఉడికించి పెడితే లోపల ముద్ద అవుతుంది.

నా మొదటి తప్పు అక్కడే దొరికింది. నేను ఉర్లగడ్డ ఉడకబెట్టి, పోపు పెట్టి, నీళ్ళ కూరగా పెట్టాను.

రెండో తప్పు పిండిలో. నేను మెత్తటి మైదా తీసుకుని, వెంటనే ఒత్తాను. ఆవిడ రొట్టెలు చేసే గట్టి పిండి తీసుకున్నది. అందులో జిగురు ఎక్కువ. సాగదీస్తే తెగదు. లోపల బరువు పెట్టినా చిరగదు. అర కిలో పిండికి పావు కిలో వెన్న, చిటికెడు ఉప్పు, 150 మిల్లీలీటర్ల చన్నీళ్ళు. వాళ్ళ ఇళ్ళల్లో పంది కొవ్వు కూడా వేస్తారు. నా కోసం ఆవిడ వెన్న మాత్రమే వేసింది. పిసికిన ముద్దను గుడ్డ కప్పి, చల్లటి చోట రెండు మూడు గంటలు వదిలేసింది. “పిండికి విశ్రాంతి ఇవ్వకపోతే అది పొయ్యిలో ముడుచుకుని నీమీద కసి తీర్చుకుంటుంది,” అన్నది.

తరువాత పిండిని పళ్ళెమంత గుండ్రంగా ఒత్తి, కూర పెట్టి, మడిచి, అంచు అల్లే పని వచ్చింది. ఆవిడ మొదలుపెట్టబోయింది. “ఆగండి,” అని నేను అందుకున్నాను. బొటనవేలితో నొక్కి, చూపుడువేలితో మడిచి, మళ్ళీ నొక్కి, మళ్ళీ మడిచి, ఈ కొసనుంచి ఆ కొసకు అల్లుకుంటూ పోయాను. దీపావళికి ఇంటిల్లిపాదికీ కర్జికాయలు చేసిన వేళ్ళు ఇవి. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసింది. మడతలు లెక్కపెట్టింది. ఇరవై ఒకటి వచ్చాయి.

“ఎవరు నేర్పారు?” అన్నది.

“మా అవ్వ.”

“మీ అవ్వ కార్న్‌వాల్‌కు వచ్చిందా?”

“లేదు. కార్న్‌వాల్ మా అవ్వ దగ్గరకు వచ్చింది,” అన్నాను. నేను ఇంగ్లీషులో అన్నవాటిలో ఒక ఇంగ్లీషు మనిషిని నవ్వించిన మొదటి మాట అది. తీరా ఆవిడ తాను ఇంగ్లీషు కాదు, కార్నిష్ అని దిద్దింది.

పైన పాలు పూసి, ఆవిరి పోవడానికి చిన్న గాటు పెట్టి, 200 డిగ్రీల వేడిలో ఇరవై నిమిషాలు, తరువాత వేడి తగ్గించి మరో అరగంట కాల్చాము. ఉప్పూ మిరియాలూ తప్ప మసాలా లేని కూర అంత కమ్మగా ఉంటుందని నేను అనుకోలేదు. ఉర్లగడ్డ మెత్తబడింది, చెదరలేదు. స్వీడు గడ్డ కొంచెం తియ్యగా, కొంచెం ఘాటుగా, ముల్లంగికీ తీపి గుమ్మడికీ మధ్య రుచి.

తింటూ ఆవిడ గనుల ముచ్చట్లు చెప్పింది. భూమి లోపల ‘నాకర్లు’ అనే బుడత దయ్యాలుంటాయని పాతకాలపు గనివాళ్ళు నమ్మేవారట. పాస్టీ చివర ఒక ముక్క వాటికి పడేస్తే అవి రాయి విరిగిపడేముందు గోడ తట్టి హెచ్చరిస్తాయట. మన చేలల్లో సద్ది విప్పేముందు ఒక ముద్ద పక్కన పెట్టేవాళ్ళు లేరా? ఆ అంచు పట్టుకు తిని పారేయడానికేనని కూడా చెబుతారు. తగరపు రాయితోపాటు పాషాణం దొరికే గనుల్లో చేతులకు విషం అంటుతుంది గనుక, అంచు పట్టుకుని తిని ఆ అంచును పారేసేవారని. ఆవిడ మాత్రం పెదవి విరిచింది. “కష్టపడి అల్లిన అంచును పారేస్తే మా అమ్మ ఊరుకునేదా? పాత ఫొటోలు చూడు. గుడ్డసంచిలో పెట్టుకుని, ఈ కొసనుంచి ఆ కొసదాకా తిన్నారు.”

గుడ్డసంచి అనగానే నాకు అవ్వ నవ్వు వినిపించింది.

తీపి చిక్కు

మరునాడు అసలు విషయం బయట పెట్టాను. ఒకే పాస్టీలో రెండు కొసలకు రెండు రుచులు ఎట్లా?

ఆవిడకు అట్లాంటిది చేసిన అలవాటు లేదు. కాని పూర్వం అటువంటివి ఉండేవని పెద్దలు చెప్పగా విన్నదట. బెడ్‌ఫర్డ్‌షైర్‌లో ‘క్లాంగర్’ అని ఒకటి ఇప్పటికీ చేస్తారు. అది పొలంవాళ్ళ సద్ది. పొడుగ్గా చుట్టిన పిండిలో ఒక వైపు మాంసం, ఒక వైపు పండ్లో, పండ్ల మురబ్బానో. అన్నమూ పాయసమూ ఒక్క మూటలో.

“కారం సులువు. తీపే మొండిది,” అన్నది ఆవిడ. చక్కెర వేడికి కరిగి నీళ్ళవుతుంది, మరిగి చిల్లు వెతుక్కుంటుంది. అందుకే వాళ్ళు ఆపిల్ ముక్కలకు చక్కెరతోపాటు కొంచెం పిండి చల్లుతారు. ఆ పిండి రసాన్ని పట్టుకుంటుంది. ఎండుద్రాక్ష అయితే ఆ బాధ లేదు. ద్రాక్షను పిండిలో చుట్టి కాల్చిన తినుబండారం ఒకటి ఉన్నది, ‘ఫిగ్గీ హాబిన్’ అంటారు. ఫిగ్ అంటే అత్తిపండు కదా, అది ఏదీ అని వెతికాను. కార్న్‌వాల్ మాటలో ఫిగ్ అంటే ఎండుద్రాక్షేనట! ఆ వేడి ముక్కమీద ఆవిడ గట్టి మీగడ వేసింది. పాలను సన్నని సెగమీద చాలాసేపు కాచి, చల్లార్చి తీసిన మీగడ. కళ్ళు మూసుకుని తింటే మా అవ్వ దాలి కుండలోని మీగడే.

అప్పుడు నాకు కర్జికాయ రహస్యం తెలిసింది. మనం అందులో పుట్నాల పొడి, ఎండుకొబ్బరి, చక్కెర పొడి పెడతాము. అన్నీ పొడి సరుకులు. నూనెలో రెండు మూడు నిమిషాల్లో వేగిపోతుంది. చక్కెర కరిగేలోపల పని అయిపోతుంది. నేను అదే పూర్ణాన్ని, అందులోనూ తడి బెల్లంతో, ముప్పావు గంట పొయ్యిలో పెట్టాను. కారక ఏమవుతుంది?

ఆవిడ డిసెంబరు 23న మౌస్‌హోల్ అనే రేవు పల్లెలో చేసే ఒక పై గురించి కూడా చెప్పింది. చేపల తలలు పిండి మూతలోనుంచి పైకి లేచి ఆకాశాన్ని చూస్తుంటాయట. పేరు స్టార్‌గేజీ పై. కరువు రోజుల్లో తుఫానులో పడవ వేసుకుపోయి చేపలు పట్టి తెచ్చి ఊరిని కాపాడిన ఒక జాలరి పేర ఆ పండుగ. విన్నాక ఆ రాత్రి కలలో నా ఉర్లగడ్డలు తలలెత్తి నన్ను చూశాయి.

పాస్టీ ఎక్కిన ఓడలు

సెలవు తీసుకునేముందు ఆవిడ ఒక మాట అన్నది: “మా మగవాళ్ళు వెళ్ళిన చోటికల్లా ఇది వెళ్ళింది. తిరిగి రానివాళ్ళ దగ్గర ఇది కూడా అక్కడే ఉండిపోయింది.”

అది నిజం. 1860ల్లో రాగి ధర పడిపోయినాక కార్న్‌వాల్ గనివాళ్ళు వేలకు వేలు ఓడలెక్కారు. అంతకుముందే, 1820ల్లో, జాన్ టేలర్ అనే ఆయన పెట్టిన కంపెనీ వాళ్ళను మెక్సికోలోని రియల్ దెల్ మోంతే వెండి గనులకు తీసుకుపోయింది. ఈనాడు ఆ ఊళ్ళో పాస్టీకి ‘పాస్తే’ అని పేరు. లోపల పచ్చి మిరపకాయలు పెడతారు, చిక్కుడు గింజలు పెడతారు, అనాసపండు పెడతారు. పాల పాయసం పెట్టినవీ ఉన్నాయి. 2009 నుంచి దానికి పండుగ కూడా చేస్తున్నారు. మెక్సికోవాళ్ళను చూసి కార్న్‌వాల్‌వాళ్ళు కోపగించుకోలేదు. మా ఇంటావిడ దృష్టిలో ఆ మిరపకాయ పెట్టినవాడు తమ మనవడే.

ఆ జాన్ టేలర్ వంశం వాళ్ళ కంపెనీయే 1880లో కోలారుకు వచ్చింది. కార్న్‌వాల్ కెప్టెన్లు వచ్చారు. ఆ వెనక ఒక కెప్టెన్ బంగళా వంటింటికి మా తాత వచ్చాడు. చరిత్ర పుస్తకాల్లో కంపెనీల పేర్లుంటాయి, గనుల లోతు ఉంటుంది. చాంపియన్ రీఫ్ గని మూడు వేల మీటర్లకు పైగా లోతుకు దిగింది. అంత లోతున రాయి ఒంటిని కాలుస్తుంది. ఆ లోతుకు సద్ది కట్టిన చేతులను గురించి ఎవరూ రాయలేదు. దొర సద్ది కట్టినదీ, కూలి సద్ది కట్టినదీ మా ఇంట్లో ఒకే చెయ్యి.

కుప్పంలో ప్రయోగాలు

ఇల్లు చేరిన వారం రోజులకే బల్లమీద రిబ్బను కట్టిన చిన్న కరెంటు ఓవెను వెలిసింది. మా వారు కొన్నది. “పొగ వస్తే నన్ను పిలువు,” అన్నారు.

మొదటి రోజు గోంగూర పప్పు పెట్టాను. తప్పు. అడుగు నాని, చేత్తో పట్టుకుంటే జారిపోయింది. రెండో రోజు స్వీడు గడ్డ బదులు ముల్లంగి. నీళ్ళు ఎక్కువ, వాసన ఎక్కువ. మూడో రోజు చామగడ్డ. జిగురు. నాలుగో రోజు తీపి గుమ్మడి పలచగా చెక్కి, ఉర్లగడ్డ, ఉల్లిగడ్డ, వెన్న, కొట్టిన మిరియాలు, కొంచెం పచ్చిమిరప కలిపాను. కుదిరింది. మునగాకు గుప్పెడు వేస్తే ఇంకా కుదిరింది.

తీపి వైపు: పచ్చి కొబ్బరి, బెల్లం కలిపినది కారింది. మామిడిపండు ముక్కలు అసలే వద్దు. మామిడికాయ చెక్కి, చక్కెర, చెంచాడు బియ్యప్పిండి చల్లి పెడితే పులుపూ తీపీ కలిసి, వాళ్ళ ఆపిల్ పైకి తీసిపోలేదు. ఓళిగల పూర్ణం, అంటే శనగపప్పు బెల్లం, గట్టిగా ఉడికించి పెడితే ఒక్క చుక్క కారలేదు. చివరకు కొబ్బరి బెల్లాన్ని పొయ్యిమీద ఉండకట్టేదాకా గట్టిగా దగ్గరపడనిచ్చి, పూర్తిగా చల్లార్చి పెట్టాను. అది నిలిచింది. కర్జికాయకు వేడి తక్కువసేపు, పాస్టీకి ఎక్కువసేపు. ఎక్కువసేపు కాలేదానికి పూర్ణం ముందే కాలి ఉండాలి. తాతకు ఈ సంగతి ఎవరు చెప్పారో!

నడిమి గోడ మరో చిక్కు. విడిగా చేసిన పిండి ముక్కను నిలబెడితే పడిపోతుంది. కింది పిండినే నడుమ చిటికెతో పైకి లాగి, తడి వేలితో రాసి, పై పొరకు అతికిస్తే నిలుస్తుంది. ఇది తట్టడానికి పదకొండు పాస్టీలు పట్టాయి. పదకొండూ మా వారే తిన్నారు. ఆయన ఓర్పును గురించి నేను ఇక్కడ రాస్తానని మాట ఇచ్చాను, రాశాను.

పన్నెండోదానికి మూలన ‘ర’ పెట్టాను. పిండిని పాములాగా తాల్చి వంచాలి. నేను ముప్ఫయ్యేళ్ళు బడిలో నల్లబల్ల మీద ఆ అక్షరం రాసినదాన్ని. పిండితో రాయడానికి మూడుసార్లు తీసి పెట్టవలసి వచ్చింది.

దాన్ని ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, పొద్దున్నే రైలెక్కాను. బంగారుపేటలో మారికుప్పం బండి పట్టుకున్నాను. ఊరుగాం స్టేషనులో దిగి చెట్టు నీడన కూర్చున్నాను. గనులు లేకపోయినా జనం ఉన్నారు. ఇప్పుడు వాళ్ళు తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయి, రాత్రికి తిరిగి వస్తారు. అందరి చేతుల్లోనూ సంచులు, సంచుల్లో డబ్బాలు. కింద భూమి ఖాళీ అయినా సద్ది కట్టే పని తప్పలేదు.

గుడ్డ విప్పి కారపు కొస తిన్నాను. గోడ దగ్గర ఆపాను. తీపి కొసను మళ్ళీ చుట్టి, సాయంత్రం బండికి ఇంటికి వచ్చి, మా చెల్లెలికి ఇచ్చాను. అవ్వ చెప్పిన కథ నాతోపాటు విన్న మనిషి ఇక అదొక్కతే ఉన్నది. అది కొరికి, నమిలి, కాసేపు ఊరుకుంది.

“ఎట్లుండింది?” అని అడిగాను.

“గుడ్డ వాసన కొడుతోందక్కా,” అన్నది.

ఇద్దరమూ చాలాసేపు నవ్వుకున్నాము.